నర్సరీ సంచిలో గుప్పెడు సూపర్ ఏం చేస్తుంది?

మామిడి సీజను ముగిసేసరికి చిత్తూరు వైపు గుజ్జు ఫ్యాక్టరీల దగ్గర టెంకలు గుట్టలు పడతాయి. మామిడి టెంక ఎక్కువ రోజులు ఆగదు. నెల దాటితే మొలకెత్తే శక్తి గబగబా పడిపోతుంది. అందుకే నర్సరీల వాళ్లు తొలకరికే వాటిని మడుల్లోనో, మట్టి నింపిన నల్ల పాలిథీన్ సంచుల్లోనో పెట్టేస్తారు. ఆ మట్టి కలిపే రోజే ఒక చిన్న నిర్ణయం జరిగిపోతుంది. ఎర్రమట్టి, ఇసుక, చివికిన పశువుల ఎరువు కుప్ప పోసి పారతో తిరగేస్తున్నప్పుడు అందులో సూపర్, అంటే భాస్వరం ఇచ్చే సూపర్ ఫాస్ఫేటు ఎరువు, చల్లాలా, వద్దా? చల్లితే ఎంత? చాలా చోట్ల ఆ రోజు ఈ ప్రశ్న ఎవరికీ తట్టదు. రెండు మూడు నెలల తర్వాత మొక్కలు గిడసబారి కనిపిస్తే, అప్పుడు ఒక్కో సంచిలో నత్రజని, భాస్వరం రెండూ ఉండే డీఏపీ గుళికలు నాలుగేసి పడేస్తారు.

ఆ నాలుగు గుళికలు ఆలస్యంగా పడ్డాయన్నది తప్పులో సగమే. వేరుకు అందని చోట పడ్డాయన్నది మిగతా సగం. నత్రజని విషయంలో ఇలా చేసినా చెల్లిపోతుంది. యూరియా పైన వేసి నీళ్లు పోస్తే కిందికి దిగుతుంది. భాస్వరంతో అది కుదరదు. పండ్ల మొక్కల తొలి ఎదుగుదలలో భాస్వరం చేసే మేలూ, కీడూ కూడా చాలావరకు ఈ ఒక్క తేడా నుంచే పుడతాయి.

భాస్వరం నేలలో కదలదు అన్నది అందరూ చెప్పే మాటే. ఎంత కదలదో అంకెల్లో చూస్తే గానీ దాని బరువు తెలియదు. తేమ ఉన్న నేలలో నత్రజని రూపమైన నైట్రేటు రోజుకు సుమారు 3 మిల్లీమీటర్లు జరుగుతుంది. పొటాష్ ఒక మిల్లీమీటరుకు కాస్త తక్కువ. భాస్వరం రూపమైన ఫాస్ఫేటు 0.13 మిల్లీమీటరు. అంటే వారానికి ఒక మిల్లీమీటరు లెక్క. వేరు తన చుట్టూ ఉన్న సన్నటి పొరలోని భాస్వరాన్ని కొద్ది రోజుల్లోనే తినేస్తుంది. ఆ తర్వాత అర అంగుళం అవతల ఎంత నిల్వ ఉన్నా అది నడిచి రాదు. వేరే అక్కడికి పోవాలి.

సంచి పైన వేసిన సూపర్ గుళిక ఉన్న చోట రెండు నెలల తర్వాత వేలితో గీకి చూస్తే, బూడిద రంగు పొట్టులాంటిది ఇంకా అక్కడే కనిపిస్తుంది. ఎరువు కరగనే లేదు, కల్తీ సరుకు అంటగట్టారని షాపువాణ్ణి తిట్టుకునే వాళ్లు ఉంటారు. పాపం షాపువాడి తప్పు లేదు. భాస్వరం మొదటి కొన్ని రోజుల్లోనే కరిగి బయటికి వచ్చేసింది. మిగిలింది ఎక్కువగా జిప్సం. భాస్వరం ఉన్న రాతిపొడిని (రాక్ ఫాస్ఫేటు) సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కలిపి సూపర్ తయారు చేస్తారు కాబట్టి అందులో సగం దాకా జిప్సమే ఉంటుంది. మరి కరిగిన భాస్వరం ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు. గుళిక చుట్టూ రెండు మూడు సెంటీమీటర్ల లోపలే మట్టి దాన్ని పట్టేసుకుంది.

మన నర్సరీల్లో సంచులకు ఎర్రమట్టే వాడతారు. నీరు నిలవదు, వేరు బాగా దిగుతుంది, అంటు కట్టాక మట్టిగడ్డ విరగదు. అన్నీ నిజమే. కానీ ఆ ఎరుపు రంగు ఇనుము ఆక్సైడుదే, భాస్వరాన్ని గట్టిగా పట్టుకునేదీ ఆ ఇనుమే. నల్లరేగడిలో అయితే ఆ పని సున్నం చేస్తుంది. కాల్షియంతో కలిసి భాస్వరం కరగని రూపంలోకి మారుతుంది. ఉదజని సూచిక (పీహెచ్) 6 నుంచి 7 మధ్య ఉన్నప్పుడు ఈ రెండు వైపుల లాగుడూ కాస్త తగ్గి, మొక్కకు అందే వాటా పెరుగుతుంది. అప్పుడు కూడా, వేసిన ఏడాదిలో మొక్క తీసుకునేది మామూలుగా 10 నుంచి 25 శాతమే. మిగిలింది నేలలో ఉంటుంది, తర్వాత కొంచెం కొంచెంగా వదులుతుంది. పొలంలో అది పొదుపు ఖాతా లాంటిది. ఏడాదిలో అమ్ముడుపోవాల్సిన నర్సరీ మొక్కకు ఆ ఖాతాతో పెద్దగా పని పడదు.

గింజ ఇచ్చే కట్నం

మొలక మొదటి రోజుల్లో నేల మీద ఆధారపడదు. తల్లి చెట్టు గింజలో పెట్టి పంపిన భాస్వరంతోనే బతుకుతుంది. విత్తనాల్లో ఇది ఎక్కువగా ఫైటేటు రూపంలో ఉంటుంది. గింజ నీరు తాగి ఉబ్బగానే ఫైటేజు అనే ఎంజైము దాన్ని విడగొట్టి, కొత్తగా పుడుతున్న కణాలకు అందిస్తుంది. ప్రతి కొత్త కణానికీ డీఎన్ఏ కావాలి, చుట్టూ పొర కావాలి, పని చేయడానికి శక్తి కావాలి. ఈ మూడింటిలోనూ భాస్వరం ఉంది. కాబట్టి కణాలు అత్యంత వేగంగా విడిపోయే ఆ తొలి వారాల్లో, మొక్క బరువుతో పోల్చి చూస్తే భాస్వరం అవసరం ఆ తర్వాత ఎప్పుడూ లేనంత ఎక్కువగా ఉంటుంది.

అయితే ఈ కట్నం అన్ని గింజలకూ ఒకేలా ఉండదు. మామిడి టెంకలోని జీడి చేతినిండా ఉంటుంది. మొలక పైకి వచ్చి, రాగి రంగు ఆకులు తొడిగి, అవి పచ్చబడుతున్నా ఆ జీడి మట్టిలో మొక్కకు అతుక్కునే ఉంటుంది, పాలిచ్చే తల్లిలా. బొప్పాయి గింజలు గ్రాముకు యాభై అరవై తూగుతాయి. అందులో దాచుకునే చోటే లేదు. జామ గింజ పరిస్థితీ అదే. నిమ్మ, నారింజ గింజలు ఈ రెంటికీ మధ్యలో ఉంటాయి.

ఒకే మట్టి మిశ్రమంలో మామిడి, బొప్పాయి పక్కపక్కన పెంచితే ఈ తేడా కళ్లకు కడుతుంది. భాస్వరం లేని మట్టిలో బొప్పాయి నారు రెండు మూడు నిజమైన ఆకుల దగ్గరే ఆగిపోతుంది. ఆకు చిన్నది, రంగు మాత్రం మామూలు కంటే ముదురు. మామిడి మొక్క చాలా వారాలు ఏమీ ఎరగనట్టే ఉంటుంది. అందుకే మామిడిలో ఎరువు ప్రభావమే లేదు అనే అభిప్రాయం తేలిగ్గా ఏర్పడుతుంది. అక్కడ అసలు లోటు రెండో చిగురు, మూడో చిగురు దగ్గర బయటపడుతుంది. కాండం పెన్సిలు మందానికి రావాల్సిన సమయానికి రాదు. నర్సరీలో ఎత్తు కంటే మందానిదే విలువ. అంటు కట్టే అదను, చెట్టు మీద అంటుకొమ్మ సిద్ధంగా ఉండే అదను, గాలిలో తేమ ఉండే రోజులు, ఈ మూడూ ఏడాదిలో కొద్ది వారాలే కలుస్తాయి. అప్పటికి మొక్క పలచగా ఉంటే మళ్లీ సీజను దాకా నీళ్లు పోస్తూ కూర్చోవాలి.

‘వేరు ఎరువు’ అనే సగం నిజం

నత్రజని ఆకుకు, భాస్వరం వేరుకు, పొటాష్ కాయకు. ఈ మూడు ముక్కల సూత్రం బడి పుస్తకాల నుంచి ఎరువుల షాపు గోడల దాకా ఉంది. గుర్తుపెట్టుకోవడానికి బాగుంటుంది కానీ మధ్య ముక్క జనాన్ని తప్పుదారి పట్టిస్తోంది.

భాస్వరం తక్కువైన మొక్క ఏం చేస్తుంది? పై భాగం ఎదుగుదల ఆపుకుని, తన దగ్గరున్న తిండిని వేర్లకు పంపుతుంది. వెతుక్కోవాలి కాబట్టి. కాండంతో పోలిస్తే వేరు వాటా పెరుగుతుంది, నూగు వేర్లు పొడవవుతాయి. అంటే మొక్క మొత్తంలో వేరు వాటాను పెంచేది భాస్వరం లేకపోవడమే. భాస్వరం సరిపడా ఇస్తే వేరు, కాండం రెండూ పెరుగుతాయి, కాండం ఇంకాస్త ముందుంటుంది. ఇప్పటికే చాలినంత ఉన్న మట్టిలో మరింత వేస్తే వేరు పెరగదు. ‘రూట్ బూస్టర్’ అని రంగురంగుల సీసాల్లో అమ్మే సరుకులో భాస్వరమే ప్రధానమైతే, లోపం లేని మట్టిలో అది చేసే అద్భుతం ఏమీ లేదు.

అయినా ఈ నమ్మకం గాలిలోంచి పుట్టింది కాదు. ఎం.సి. డ్రూ 1975లో ప్రచురించిన బార్లీ ప్రయోగం దీనికి మంచి ఆధారం. ఒకే వేరును మూడు భాగాలుగా వేర్వేరు పోషక ద్రావణాల్లో ఉంచి, మధ్య భాగానికే ఫాస్ఫేటు ఎక్కువ ఇచ్చారు. ఆ మధ్య భాగంలోనే పక్క వేర్లు గుబురుగా వచ్చాయి, పైనా కిందా పలచగా ఉండిపోయాయి. నైట్రేటుకీ అమ్మోనియాకీ అలాగే స్పందించింది, పొటాష్‌కు స్పందించలేదు. వేరు ఎక్కడ దొరికితే అక్కడ గుబురెక్కుతుంది అన్నమాట. సంచి పైపొరలో మాత్రమే డీఏపీ ఉంటే మేత వేర్లు పైపొరలోనే చేరతాయి. మే నెలలో ముందు ఎండేది ఆ పొరే. నీళ్లు ఒక్కరోజు తప్పినా ముందు వాడిపోయేవి అలా పెంచిన మొక్కలే.

కాబట్టి నర్సరీలో భాస్వరం ఎక్కడ పెట్టాలో వేరు ప్రవర్తనే చెబుతోంది. మట్టి కలిపేటప్పుడే, సంచి అడుగు దాకా సమానంగా.

సంచి లెక్క

ఎంత కలపాలి? దీనికి ఒక పాత కొలత ఉంది. ఇంగ్లండులోని జాన్ ఇన్నెస్ ఉద్యాన సంస్థలో 1930లలో డబ్ల్యూ.జె.సి. లారెన్స్, జె. న్యూవెల్ అనే ఇద్దరు నారు పెంచే మట్టికి ఒక నమూనా తయారు చేశారు. అంతకుముందు ప్రతి తోటమాలికీ ఒక రహస్య మిశ్రమం ఉండేది. వాళ్లు దాన్ని రెండే రెండు రకాలకు కుదించారు, గింజ వేసే మట్టి ఒకటి, కుండీ మట్టి ఒకటి. గింజ మట్టిలో వాళ్లు వేసిన ఎరువు ఒక్కటే, సూపర్ ఫాస్ఫేటు. కాస్త సున్నపు పొడి తప్ప ఇంకేమీ లేదు. నత్రజని లేదు, పొటాష్ లేదు. మొలక దశలో కచ్చితంగా ఇవ్వాల్సింది ఏదో ఆ వంటకమే చెబుతుంది. మోతాదు ఒక బుషెల్‌కు ఔన్సున్నర, అంటే 36 లీటర్ల మట్టికి 42 గ్రాములు. లీటరుకు గ్రాము పైచిలుకు.

పెద్దవాళ్ల చేతికి గుప్పెడు సూపర్ రమారమి యాభై గ్రాములు ఉంటుంది. ఆ గుప్పెడు రెండు మూడు గంపల మట్టికి సరిపోయే సరుకు. ఆరు అంగుళాల వెడల్పు, తొమ్మిది అంగుళాల ఎత్తు సంచిలో పట్టే మట్టి దాదాపు లీటరున్నర. దానికి రెండు గ్రాములు చాలు, చిటికెడు కంటే కాస్త ఎక్కువ. సంచికి గుప్పెడు వేసే వాళ్లు పాతిక సంచులకు సరిపడేది ఒక్కదాంట్లో కుమ్మరిస్తున్నట్టు.

ఇంకో వైపు నుంచి లెక్క చూద్దాం. అంటుకు సిద్ధమయ్యే లోపు ఒక నిమ్మజాతి మొక్క వేరుతో సహా ఎండబెడితే 20 గ్రాములు తూగుతుందనుకుందాం. అందులో భాస్వరం 0.15 శాతం అనుకుంటే మొత్తం 30 మిల్లీగ్రాములు. సూపర్‌లో భాస్వరం 16 శాతం అని బస్తా మీద రాసి ఉండేది పి2ఓ5, అంటే ఆక్సిజన్‌తో కలిసిన భాస్వరం లెక్క. దాన్ని 0.436తో గుణిస్తే అసలు భాస్వరం 7 శాతం వస్తుంది. రెండు గ్రాముల సూపర్‌లో 140 మిల్లీగ్రాములు. మట్టి మిశ్రమంలో అర కిలో పశువుల ఎరువు ఉంటే అందులో పి2ఓ5 సుమారు 0.2 శాతం చొప్పున మరో 440 మిల్లీగ్రాములు. మొక్కకు కావాల్సింది 30.

అలాంటప్పుడు సూపర్ ఎందుకు అనే ప్రశ్న న్యాయమైనదే. మాగిన, మంచి ఎరువు నిజంగా మూడో వంతు కలిపిన మట్టిలో చాలాసార్లు అవసరం ఉండదు కూడా. రెండు చోట్ల మాత్రం అవసరం పడుతుంది. ఒకటి, ఎరువు పేరుతో వచ్చేది ఎండిన గడ్డీ గాదం, మట్టిబెడ్డలు అయినప్పుడు. ఇప్పుడు పశువులే తగ్గిపోయాక చాలా ఊళ్లలో ట్రాక్టరు లోడులో వచ్చేది అదే. రెండోది, బొప్పాయిలాంటి చిన్న గింజల విషయంలో. ఎరువులో భాస్వరం ఎంత ఉన్నా అందులో కొంత భాగం సూక్ష్మజీవులు విడగొడితేనే బయటికి వస్తుంది. మొలక వేరు రెండంగుళాలు ఉన్న వారంలో ఆ వేరు తాకే మట్టిలో కరిగి ఉన్నది ఎంత అన్నదే లెక్కకు వస్తుంది. సంచి మొత్తంలో ఎంత ఉందో ఆ వేరుకు తెలియదు.

డీఏపీ ఎందుకు వద్దు అని కూడా ఇక్కడే చెప్పుకోవాలి. డీఏపీ గుళిక కరిగేటప్పుడు దాని చుట్టూ ఉదజని సూచిక 8 దాకా పోతుంది, అమ్మోనియా వాయువు విడుదలవుతుంది. పెద్ద చెట్టు పాదులో అది లెక్కలోకి రాదు. గుప్పెడు మట్టిలో ఉన్న దారంలాంటి వేరుకు మాత్రం అదే మంట. గింజ పక్కనే డీఏపీ పడిన చోట మొలక రాకపోవడం, వచ్చినా వేరు కొన మాడి ఉండటం ఇందువల్లే. సూపర్‌లో ఆ గొడవ లేదు, పైగా గంధకం 11 శాతం, కాల్షియం వస్తాయి. బస్తా మీద పోషకాల శాతం తక్కువ కనిపించినా నర్సరీకి సూపరే మేలు.

నిమ్మ వేరుకు తోడొచ్చే బూజు

భాస్వరం కథ అంతా నిమ్మజాతి మొక్కల దగ్గరికి వచ్చేసరికి మలుపు తిరుగుతుంది. నిమ్మ, బత్తాయి, రంగ్‌పూర్ నిమ్మ, జంభేరి, వీటి వేర్లకు నూగు చాలా తక్కువ, ఉన్నది కూడా పొట్టిగా ఉంటుంది. భాస్వరం ఏరుకోవడానికి ఇంత చేతకాని వేరు లక్షల ఏళ్లు ఎలా బతికిందంటే, ఆ పని ఇంకొకరికి అప్పగించింది. వేరులో ఒక రకం శిలీంధ్రం కాపురం ఉంటుంది. దాని పోగులు వేరు నుంచి సెంటీమీటర్ల దూరం పాకి, ఫాస్ఫేటును లోపలికి మోసుకొస్తాయి. వ్యవసాయ శాఖ వాళ్లు వ్యామ్ అని పిలిచేది దీన్నే.

ఇది ఎంత ముఖ్యమో అమెరికాలో ఒక పొరపాటు వల్ల తెలిసింది. అక్కడి నారింజ నర్సరీల్లో వేరుకుళ్లు, నులిపురుగుల బెడద తప్పించుకోవడానికి విత్తే ముందు నేలను మిథైల్ బ్రోమైడు లాంటి విషవాయువులతో శుభ్రం చేసేవారు. రోగాలు పోయాయి. మొక్కలు మాత్రం ఎదగలేదు. మడి మడి అంతా గిడసబారిపోయి, అక్కడక్కడా కొన్ని మాత్రం దిట్టంగా పెరిగేవి. మందు అవశేషాలు మొక్కను చంపుతున్నాయేమోనని చాలాకాలం అనుకున్నారు. 1972లో క్లైన్‌స్మిట్, గెర్డెమాన్ అనే శాస్త్రవేత్తలు ఆ గిడసబారుడుకు కారణం విషం కాదని చూపించారు. రోగకారకాలతో పాటు ఆ తోడు శిలీంధ్రం కూడా చచ్చిపోయింది. శిలీంధ్రాన్ని తిరిగి మట్టిలోకి చేరిస్తే మొక్క లేచింది. భాస్వరం బాగా ఎక్కువ వేసినా లేచింది. అక్కడక్కడా దిట్టంగా ఉన్న మొక్కలు శిలీంధ్రం ఎలాగో మిగిలిపోయిన చోట్లవి.

మన దగ్గర మిథైల్ బ్రోమైడు లేకపోవచ్చు, మట్టిని శుద్ధి చేసే ఫార్మలిన్ ఉంది. నారుకుళ్లు భయంతో వారం వారం బూజును చంపే కార్బెండజిమ్ మందు పోసే అలవాటు ఉంది. కార్బెండజిమ్‌కు మంచి బూజు, చెడ్డ బూజు తేడా తెలియదు. గూడూరు చుట్టుపక్కల ఇప్పటికీ నిమ్మను ఎక్కువగా గింజ నుంచే పెంచుతారు. నిమ్మ గింజలో తల్లిని పోలిన మొలకలే ఎక్కువ వస్తాయి కాబట్టి అది చెల్లుతుంది. అలాంటి నారుమడిలో మందు పోసిన తర్వాత మొక్కలు నిలిచిపోతే, మళ్లీ మందు పోయకుండా వేరును ఒకసారి ఆలోచించాలి.

ఇక ఈ స్నేహానికి అద్దె ఉంటుంది. ఆకు తయారు చేసిన చక్కెరలో 4 నుంచి 20 శాతం దాకా శిలీంధ్రం తినేస్తుంది. భాస్వరం కరువైనప్పుడు ఆ అద్దె చాలా చవక. మట్టిలో భాస్వరం పుష్కలంగా ఉంటే మొక్కకు ఆ అవసరం తీరిపోతుంది, శిలీంధ్రాన్ని వేరులోకి రానివ్వడం తగ్గిస్తుంది. ఫ్లారిడాలో వోల్కామర్ నిమ్మ మొక్కల మీద చేసి 1993లో ప్రచురించిన పరిశోధనలో, భాస్వరం బాగా ఎక్కువ ఉన్న మట్టిలో శిలీంధ్రం ఉన్న మొక్కలే లేనివాటి కంటే వెనకబడ్డాయి. భాస్వరం తేరగా దొరుకుతుంటే, అద్దె కట్టడం దండగ అయిపోయింది.

అయితే సూపర్ దండిగా వేసేసి శిలీంధ్రం సంగతి మరిచిపోవచ్చు కదా? నర్సరీ గేటు దాటేదాకా నిజంగానే మరిచిపోవచ్చు. కానీ ఆ పోగులు మోసుకొచ్చేది భాస్వరం ఒక్కటే కాదు. జింకు, రాగి కూడా తెస్తాయి. బత్తాయి, నిమ్మ తోటల్లో అన్నింటికంటే ఎక్కువ పీడించేది జింకు లోపమే. కొత్త ఆకులు చిన్నవై, సన్నబడి, ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపు పడతాయి. భాస్వరం ఎక్కువైన సంచిలో సరిగ్గా ఇదే రూపం కనిపిస్తుంది. దాన్ని చూసి బలం చాల్లేదని ఇంకో విడత డీఏపీ వేస్తే, పరిస్థితి ఎటు పోతుందో చెప్పనక్కర్లేదు.

వ్యామ్ పొడి కొని కలపాలా? గింజ నాటే చోట, మొలక వేరు తగిలేలా పెడితే పనిచేస్తుంది. పైన చల్లితే దండగే. దానిలో బతికున్న శిలీంధ్రం ఎంత ఉందన్నదే అసలు ప్రశ్న, ప్యాకెట్ మీద కాలం తీరే తేదీ చూడకుండా తీసుకోకూడదు. పాత తోటలో చెట్టు మొదలు మట్టి తెచ్చి కలిపే పద్ధతి ఖర్చులేనిదే కానీ, దాంతో నులిపురుగులు, వేరుకుళ్లు కూడా వస్తాయి. నిమ్మజాతికి ఆ ప్రమాదం మరీ ఎక్కువ.

కోకోపిట్ వచ్చాక

బొప్పాయి నారు ఇప్పుడు ఎక్కువగా ట్రేలలో, కోకోపిట్‌లో పెరుగుతోంది. ఇక్కడ పైన చెప్పినదంతా తిరగబడుతుంది. కొబ్బరి పొట్టులో ఇనుము, అల్యూమినియం చెప్పుకోదగ్గంత లేవు. భాస్వరాన్ని పట్టి ఉంచేవారు లేరు. నీళ్లు పోస్తే కింది రంధ్రంలోంచి కారిపోతుంది. అందుకే మొదట్లోనే ఒక్కసారి వేయడం కాకుండా, పలచగా, తరచుగా నీళ్లలో ఇవ్వాలి.

ఆ పనికి అందరూ వాడేది నీళ్లలో కరిగే 19-19-19 ఎరువు. ఈ అంకెలు వరుసగా నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు. పేరులో మూడు అంకెలూ సమానం కనుక సమతుల ఆహారం అని అనిపిస్తుంది. పి2ఓ5 లెక్క విప్పితే నత్రజని 19, భాస్వరం 8.3. మంచి ఆరోగ్యంగా ఉన్న నిమ్మజాతి ఆకులో నత్రజని 2.5 శాతం ఉంటే భాస్వరం 0.12 నుంచి 0.16 శాతం, అంటే పదహారో వంతో, ఇరవయ్యో వంతో. ఎరువులో అది సగానికి కాస్త తక్కువ. ఇక వేర్ల కోసమని ఇచ్చే 12-61-0లో నత్రజని కంటే భాస్వరమే రెట్టింపు. మొలక దశలో ఒకటి రెండు సార్లు ఇస్తే ఇబ్బంది లేదు. నెలల తరబడి అదే పోస్తే మొక్క తినేది కొంచెం, డ్రైనేజీలోకి పోయేది ఎక్కువ.

బోరు నీళ్లు ఉప్పగా, సున్నంగా ఉండే చోట ఇంకో చిక్కు. బకెట్‌లో 12-61 కలిపి ఉంచితే అడుగున తెల్లటి మడ్డి చేరవచ్చు. ఎరువులో మురికి అనుకుంటారు, నిజానికి అది వాళ్లు డబ్బు పెట్టి కొన్న భాస్వరమే, నీళ్లలోని కాల్షియంతో కలిసి గడ్డకట్టింది. కాల్షియం నైట్రేటు, జింకు సల్ఫేటు ఇదే బకెట్‌లో కలిపినా అంతే. వేర్వేరు రోజుల్లో ఇవ్వాలి.

ఆకు చూసి చెప్పగలమా?

కొంతవరకే. భాస్వరం మొక్క లోపల బాగా కదులుతుంది, నేలలో కదలకపోయినా. తక్కువైనప్పుడు ముసలి ఆకుల్లోంచి తీసి కొత్త ఆకులకు పంపుతుంది. కాబట్టి లోపం కింది ఆకుల్లో ముందు కనిపించాలి. మెరుపు లేని ముదురు పచ్చ, ఆ తర్వాత ఊదా ఛాయ, తొందరగా రాలిపోవడం. మామిడి చిగురు ఎర్రగా ఉందని భాస్వరం వేసే వాళ్లు ఉన్నారు. మామిడి చిగురు పుట్టుకే ఎరుపు, పది పదిహేను రోజుల్లో అదే పచ్చబడుతుంది. అలాగే డిసెంబరు, జనవరి చలిలో ట్రేలలో బొప్పాయి నారు ఊదాగా మారితే మట్టిలో భాస్వరం లేదని కాదు. చల్లటి మట్టిలో వేరు తీసుకోలేకపోతోంది. నీళ్లు ఎక్కువై వేరుకు గాలి ఆడకపోయినా అదే రూపం. ఈ రెండు చోట్లా ఎరువు మందు కాదు.

అనుమానం తీర్చుకోవడానికి ఖర్చులేని దారి ఒకటి ఉంది. మట్టి కలిపేటప్పుడు ఇరవై సంచుల్లో సూపర్ లేకుండా నింపి, గుర్తుకు సుద్దతో గీత పెట్టి వరుస మధ్యలో ఉంచాలి. మూడు నెలలకు ఆ ఇరవైకీ, మిగతావాటికీ కాండం మందంలో తేడా లేకపోతే ఆ మట్టికీ, ఆ ఎరువుకీ సూపర్ అక్కర్లేదని తేలిపోయింది. తేడా ఉంటే ఒక మొక్కను సంచి కోసి, బకెట్ నీళ్లలో ముంచి మట్టి వదిలించి వేరు చూడాలి. పక్క వేర్లు పైనుంచి కింది దాకా ఉన్నాయా, పైన రెండంగుళాల్లోనే ముడిపడ్డాయా అన్నది అక్కడే కనిపిస్తుంది.

తోటలో నాటేటప్పుడు మామిడి గుంతకు 50 కిలోల పశువుల ఎరువు, 2 కిలోల సూపర్ అని మన వ్యవసాయ పుస్తకాల్లో ఏళ్లుగా ఉంది. అందులో అసలు భాస్వరం 140 గ్రాములు, నర్సరీ మొక్కకు కొన్ని వేల రెట్లు. ఎక్కువగా అనిపించినా దీని వెనక తర్కం ఉంది. మీటరు లోతు మట్టిలోకి భాస్వరం చేర్చడానికి ఇంకో అవకాశం రాదు, గుంత పూడ్చాక పైన వేసింది పైనే ఉంటుంది. తప్పు జరిగేది మోతాదులో కంటే కలపడంలో. గుంత నిండాక చివర్లో సూపర్ పైన పోసి, దాని మీద మొక్క పెట్టి, మట్టి కప్పితే మొక్కకు వచ్చేది ఒక తెల్లటి పొర. గుంతలోంచి తీసిన మట్టితో ముందే కలిపి నింపితే, సంచి కోసి దింపిన మట్టిగడ్డ అంచు దాటి బయటికి వచ్చిన మొదటి వేరుకే అది తగులుతుంది.